మెట్లు లేని దొర బంగళా

జమీందారు బంగళా అనగానే మనకేం గుర్తొస్తుంది? నిలువెత్తు హాలు, వేలాడే దీపాల గుత్తి, గోడకి పులి తల, అటూ ఇటూ వంపు తిరిగిన మెట్లు! ఆ మెట్ల మీంచి సిల్కు గౌనుతో, నోట్లో పైపుతో ఏ గుమ్మడిగారో, నాగభూషణంగారో ఠీవిగా దిగొస్తారు. మద్రాసు ఫ్లోర్లలో వేసిన ఆ సెట్టే, పరిశ్రమతోబాటు జూబ్లీహిల్స్‌కి, ఫిల్మ్‌నగర్‌కి తరలివచ్చింది.

అక్కణ్ణించి కారెక్కి జనగామ వైపు వెళితే అసలు దొరల ఇళ్ల సంగతి తెలుస్తుంది. వాటిని 'గడీ'లంటారు. చుట్టూ ఎత్తయిన ప్రహరీ. కొన్నిటికి మూలల్లో బురుజులు. ఏనుగు పట్టేంత దర్వాజా, దానికి చిన్న దిడ్డి తలుపు. మామూలు మనిషి అందులోంచి తల వంచుకునే దూరాలి. లోపల టేకు స్తంభాల వసారాలు, నడుమ ఆకాశం కనపడే వాకిలి, ధాన్యపు గరిసెలు, బావి. మెట్లంటారా? మేడ ఉన్న గడీల్లోనూ అవి చాలావరకు ఏదో మూల, ఇరుగ్గా! దొర దిగిరావలసిన పనేముంది? జనమే వచ్చి వాకిట్లో నిలబడాలి. బురుజులు కాపు కాసింది పరాయి రాజు కోసం కాదు, సొంత ఊరి కోసమే. ఆ రాళ్లు మోసింది కూడా ఎక్కువగా వెట్టివాళ్లే.

1946 జులై 4న కడవెండిలో, విసునూరు దేశ్‌ముఖ్ తల్లి జానకమ్మ గడీ దగ్గర, ఊరేగింపుగా వెళుతున్న జనం మీద దేశ్‌ముఖ్ మనుషులు తుపాకులు పేల్చారు. దొడ్డి కొమరయ్య నేలకొరిగాడు. తెలంగాణ సాయుధ పోరాటం రగులుకున్నది ఆ రోజునే.

ఈ గోడల్ని తెర మీద నిజంగా చూపించినవి బహు తక్కువ. గౌతమ్ ఘోష్ 'మా భూమి' (1980) ఒకటి. బి. నర్సింగరావు 'దాసి' (1988) రెండోది. దొరసానితోబాటు కట్నంగా వచ్చిన కమలాక్షికి ఆ గడీయే లోకం, అదే జైలు. 'దాసి'కి వచ్చిన 5 జాతీయ అవార్డుల్లో అర్చనకి ఉత్తమ నటి అవార్డు సరే, కళాదర్శకత్వానికి కూడా ఒకటుంది! అందుకున్నది చిత్రకారుడు తోట వైకుంఠం.

రామ్‌చరణ్ అభిమానులకో కబురు: ఉపాసన పుట్టింటివారి దోమకొండ గడికోట మరమ్మతులకు 2022లో యునెస్కో పురస్కారం దక్కింది. అంత అదృష్టం అన్నిటికీ లేదు. ఎన్నో గడీలు కప్పులు కూలి, దూలాలు ఊడి, ముళ్లకంపల్లో ఉన్నాయి. ఆర్ట్ డైరెక్టర్లూ! టేపు పట్టుకుని ఓ ఆదివారం వెళ్లి కొలుచుకు రండి. మళ్లీ వానలు పడేలోగానే సుమా!