రాత్రి ఆయాసం వచ్చిందా? ఆస్పత్రి చీటీ దాచండి



చలి మొదలవగానే కొందరు పిల్లలకు అర్ధరాత్రి దమ్ము వస్తుంది. ఛాతీలో పిల్లికూతలు వినిపిస్తాయి. కల్వకుర్తిలో ఆ వేళకు తెరిచి ఉన్న ఆస్పత్రికి పరుగెత్తుతాం. నెబులైజర్ పెట్టగానే పిల్లలు తేరుకుంటారు. తెల్లారేసరికి చీటీ ఎక్కడుందో కూడా గుర్తుండదు. కానీ పిల్లలకు ఆస్తమా ఉందో లేదో తేల్చడానికి ఆ చీటీ చాలా అవసరం.

ఒకే జబ్బు, ఎన్నో పేర్లు

ఎమర్జెన్సీలో డాక్టర్ మొదటి పని ఊపిరి అందేలా చూడటం. జబ్బు పేరు తేల్చడం ఆ తర్వాతి మాట. అందుకే చీటీలో 'ఆయాసం', 'ఛాతీ ఇన్ఫెక్షన్', 'ఎలర్జీ దగ్గు' అని ఉండొచ్చు. రోగాలకు ప్రపంచమంతా వాడే ఐసీడీ-10 కోడ్‌లలో ఆస్తమాకు జె45, పిల్లికూతలకు ఆర్06.2 అని వేర్వేరుగా ఉన్నాయి. జె45 అని రాసినవే లెక్కపెడితే చాలా కేసులు జారిపోతాయి. అందుకే ఏ మందు ఇచ్చారు, దాంతో తగ్గిందా, ఇంతకుముందు ఎన్నిసార్లు వచ్చారు అన్నవి కూడా చూడాలి.

రికార్డులు పట్టించిన కారణం

స్పెయిన్‌లోని బార్సిలోనాలో 1980లలో కొన్ని రోజుల్లో ఒక్కసారిగా ఎంతోమంది ఆస్తమాతో ఎమర్జెన్సీలకు వచ్చేవారు. పరిశోధకులు ఆస్పత్రుల రికార్డుల నుంచి ఆ తేదీలను బయటికి తీసి, రేవులో ఓడల నుంచి సోయా గింజలు దించిన తేదీలతో పోల్చారు. రెండూ కలిశాయి. గింజలు నిల్వచేసే గోదాముకు దుమ్ము బయటికి రాకుండా ఫిల్టర్లు పెట్టాక ఆ విడతలు ఆగిపోయాయి.

మన ఇంట్లోనూ ఇదే పద్ధతి పనికొస్తుంది. పత్తి ఏరే రోజులా, ఇల్లు దులిపిన రోజా, దీపావళి పొగా, జలుబు చేసినప్పుడా? తేదీలు పక్కపక్కన పెడితే తెలుస్తుంది. మన దేశంలో గ్లోబల్ ఆస్తమా నెట్‌వర్క్ అధ్యయనం ప్రకారం, పిల్లికూతలు ఉన్నవారిలో 82 శాతం మందికి అది ఆస్తమా అని ఏ డాక్టరూ నిర్ధారించలేదు. పేరు తేలకపోతే రోజూ వాడాల్సిన ఇన్‌హేలర్ మొదలవదు. మళ్లీ ఎమర్జెన్సీకే వెళ్లాల్సి వస్తుంది.

మీరు చేయాల్సినవి

• ప్రతి చీటీనీ, డిశ్చార్జ్ కాగితాన్నీ ఒకే ఫైల్‌లో ఉంచండి. ఫోన్‌లో ఫొటో కూడా తీసుకోండి. 14 అంకెల ఆభా నంబరు ఉంటే ఆస్పత్రిలో చెప్పండి.
• నెబులైజర్ పెట్టిన తేదీ, ఇచ్చిన మందు పేరు, అంతకుముందు ఏం జరిగిందో రాసుకోండి.
• ఇలా రెండోసారి జరిగితే ఫైల్ తీసుకుని పిల్లల డాక్టర్‌ను కలవండి. "ఇది ఆస్తమానా?" అని నేరుగా అడగండి. ఐదేళ్లలోపు పిల్లల్లో వైరస్ వల్ల కూడా పిల్లికూతలు వస్తాయి కాబట్టి మీరే నిర్ణయానికి రావొద్దు.
• ఆస్తమా అని తేలితే క్లాస్ టీచర్‌కు తప్పక చెప్పండి. పేరు రాసిన ఇన్‌హేలర్‌ను బ్యాగులో పెట్టండి. డాక్టర్ సలహాతో వాడితే ఆటలు మానాల్సిన పనిలేదు.

మాట పూర్తిచేయలేకపోతున్నా, పక్కటెముకల మధ్య చర్మం లోపలికి పోతున్నా, పెదాలు నీలంగా మారినా ఆగకండి. వెంటనే 108కు ఫోన్ చేయండి.

ఆస్తమా అనే మాట చెబితే పిల్లలకు, ముఖ్యంగా ఆడపిల్లలకు, ముద్ర పడుతుందని కొందరు దాస్తారు. దాచితే టీచర్‌కు తెలియదు, డాక్టర్‌కు తెలియదు. ఇబ్బంది పడేది పిల్లలే.