పలుకుచు వ్రాయుట

ఇల్లు దిద్దుకొనుచు చదువు సాగించు సోదరీమణులకు పుస్తకముల కొఱతకంటె తీరిక కొఱత యెక్కువ. 1982లో హైదరాబాదున నెలకొని, నేడు డాక్టరు బి.ఆర్. అంబేద్కరు పేర బరగుచున్న సార్వత్రిక విశ్వవిద్యాలయము, ప్రతిదినము కళాశాలకు పోజాలనివారికి పట్టమునకు దారి తెఱచినది. కాని పాఠము చదివి, దానిని వ్యాసముగా వ్రాయుట మాత్ర మెవరి చేతులతో వారు చేసికొనవలసినదే. ఆ చేతులు పగలెల్ల ఇంటిపనిలో నుండును.

ఇట్టివారికి ఫోనులోనే యొక లేఖకుడు కలడు. కీబోర్డుపై నున్న మైకు గుర్తును తాకి మాటలాడినచో ఆ మాటలు తెరపై నక్షరము లగును. ఈ విద్య నిన్న పుట్టినది కాదు. 1952లో అమెరికా దేశపు బెల్ ప్రయోగశాలవారు నిర్మించిన ‘ఆడ్రీ’ యను యంత్రము అంకెలను మాత్రమే గుర్తించెడిది. 1962లో ఐ.బి.ఎం. వారు ప్రదర్శించిన యంత్రమునకు 16 మాటలు తెలియును. గూగులువారి కీబోర్డునకు మన తెలుగు పలుకు 2017లో అలవడినది. స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమువారును మఱికొందఱును 2016లో పరీక్షించి చూడగా, ఆంగ్లమున ఫోనుపై వ్రేళ్లతో కొట్టుటకంటె పలుకుట సుమారు మూడింతలు త్వరితమని తేలెను. తెలుగు ఒత్తులను గుణింతములను వెదకి కొట్టు శ్రమ నెఱిగినవారికి ఇందలి లాభము వేఱుగ చెప్పనక్కఱలేదు.

అయితే ఈ లేఖకుడు వినాయకునివంటివాడు కాడు. అర్థము గ్రహించినగాని వ్రాయరాదని వ్యాసుడు వినాయకునకు నిబంధన పెట్టెనందురు. ఫోనున కట్టి నిబంధన లేదు. అది మన ధ్వనిని సూక్ష్మఖండములుగా చేసి, పూర్వము తాను నేర్చిన అనేకుల పలుకులతో పోల్చి, ఏ మాట వెనుక నే మాట రాదగునో యూహించి వేయును. ‘అర్థము’ అని పలికినచోట ‘అర్ధము’ పడవచ్చును. పల్లె యాసకు తడబడును. కుక్కరు కూతకును పసిపిల్ల యేడుపునకును గూడ తడబడును. కావున వచ్చినదానిని కంటితో చదివి, విరామచిహ్నములుంచి దిద్దుట తప్పదు. అంత్యమున దిద్దుకొన్నచో ధారకు భంగము కలుగదు.

పలుకుటకు ముందు చెప్పదలచిన విషయములను కాగితముపై నాలుగైదు ముక్కలుగా వ్రాసికొనుట మేలు. తరువాత పుస్తకము మూసి, ప్రక్కింటి వదినకు పాఠము చెప్పుచున్నట్లు వాక్యము వెంట వాక్యము పలుకవలెను. పుస్తకము చూచి చదివినచో అది వ్యాసము కాదు, ఎత్తివ్రాత మాత్రమే. ఇంట చదువుకొను ఆడపిల్ల యున్నచో తల్లి కూర తరుగుచు వినుచుండవచ్చును. పిల్లకు తెలియని తావున మాట ఆగిపోవును. చేతివ్రాతలో దాగు ఆ లోటు పలుకులో వెంటనే బయటపడును. నా దృష్టిలో త్వరకంటె ఇదియే పెద్ద ప్రయోజనము.

పరీక్షాశాలలోనికి మాత్రము ఫోను రానీయరు. అచట మూడు గంటలు చేయి యాడవలెను. అందుచే పలికి దిద్దిన వ్యాసమును వారమున కొకటైనను కలముతో తిరిగి వ్రాయుచుండవలెను. మఱియొక మాట: కొన్ని ఫోనులు మన పలుకును తమలోనే యక్షరములుగా మార్చును, కొన్ని దానిని కంపెనీవారి యంత్రములకు పంపి మార్పించును. పాఠము చెప్పుట ముగియగనే మైకు నార్పి, పిమ్మట నింటి సంగతులు మాటలాడుకొనుడు.