హారో బడియు, మెట్టసీమ బిడ్డలును

లండను నగరమునకు వాయవ్యమున నొక గుట్టపై హారో యను వసతిపాఠశాల కలదు. దాని పూర్వవిద్యార్థుల పట్టిక మిక్కిలి ప్రసిద్ధము. బైరను కవి యచట చదివెను. పీలు, పామర్‌స్టను, బాల్డ్విను, చర్చిలు మొదలుగా నేడుగురు బ్రిటిషు ప్రధానమంత్రులు ఆ బడివారే. చర్చిలు 1888లోను, జవహర్‌లాల్ నెహ్రూ 1905లోను అందు ప్రవేశించిరి. సామ్రాజ్యమును నిలుపజూచినవాడును, దాని బంధములను ద్రెంచుటకై కారాగారవాస మనుభవించినవాడును ఆ గుట్టమీదనే చదువుకొనిరి.

ఈ పట్టికను జూచి యబ్బురపడువారు ఆ బడి పుట్టుకను గూడ నెరుగవలెను. దానిని నెలకొల్పినవాడు ప్రభువు కాడు. జాన్ లయను అను సంపన్న కర్షకుడు. అతడు 1572లో ఎలిజబెత్తు రాణివలన అనుజ్ఞాపత్రము బడసి, తన భూముల రాబడిని విద్యాదానమునకు వినియోగించెను. తన యూరి బాలురకు ఉచితముగా చదువు చెప్పించుటయే యాతని సంకల్పము. అయితే పొరుగూళ్ల బాలురను రుసుము గొని చేర్చుకొనుటకు ఉపాధ్యాయునకు సెలవిచ్చెను. కాలక్రమమున నా సందే రాజమార్గమయ్యెను. ధనికుల బిడ్డలతో బడి నిండెను. గ్రీకు, లాటిను పాఠములు రైతుబిడ్డలకు నిరుపయోగము లయ్యెను. 19వ శతాబ్ది యారంభమున గ్రామస్థులు న్యాయస్థానమున మొరపెట్టుకొనియు ఫలము గానరైరి. తుదకు 1876లో ఊరి పిల్లలకై వేరొక బడి పెట్టవలసివచ్చెను. కీర్తి బడికి దక్కెను. దాత తలచిన చదువు మాత్రము ఊరికి దూరమయ్యెను.

ఇక మన సంగతి. నెల్లూరు మండలపు పడమటి మెట్టసీమయగు ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతములవారు శాసనసభకు బంపిన ప్రముఖుల చదువును విచారింతము. 1955లో ఆత్మకూరు ప్రతినిధియైన బెజవాడ గోపాలరెడ్డిగారు శాంతినికేతనమున చదివి, రవీంద్రుని రచనలను తెనుగు చేసి, ఆంధ్రరాష్ట్ర ముఖ్యమంత్రి యైరి. రవీంద్రుడు 1901లో ఐదుగురు బాలురతో ఆరంభించిన యా యాశ్రమమును వసతిపాఠశాలయే. కాని దాని మార్గము హారో మార్గము కాదు. 1978, 1983 సంవత్సరములలో ఉదయగిరినుండి యెన్నికైన వెంకయ్యనాయుడుగారు నెల్లూరు వి. ఆర్. హైస్కూలునను, కళాశాలయందును చదివి, 2017లో ఉపరాష్ట్రపతి యైరి. ఆ విద్యాలయములు వెంకటగిరి సంస్థానాధిపతుల పోషణమున వర్ధిల్లినవి.

ఈ యిరువురును పుట్టుకచే మెట్టసీమవారు కారు. మెట్టబిడ్డలలో ప్రజ్ఞ కొరతయా? కాదు. మర్రిపాడు మండలము బ్రాహ్మణపల్లి వంశీయుడగు మేకపాటి గౌతమ్‌రెడ్డిగారు మాంచెస్టరున చదివి, 2014, 2019లలో ఆత్మకూరునుండి యెన్నికై, మంత్రిపదవిలో నుండగనే 2022లో నకాలమరణము నొందిరి. కాని బిడ్డలను సముద్రములు దాటింపగల కుటుంబము లెన్ని? వాననమ్ముకొన్న సేద్యగానికి నెల్లూరే దూరదేశము. ఉదయగిరినుండి యది 100 కిలోమీటర్లకు చేరువ. బడి రుసుముకంటె బిడ్డకు కూడును నీడయు సమకూర్చుటయే యాతనికి భారము.

1971లో నల్లగొండ జిల్లా సర్వేలులో నారంభమైన ప్రభుత్వ గురుకులము, వసతివిద్య ధనికుల సొత్తు కానక్కరలేదని చూపినది. ప్రభుత్వము చేయగా మిగిలినది భూస్వాములును, పురజనులును చేయదగును. ఉదయగిరిలోను, ఆత్మకూరులోను చదువుకొను మెట్టబాలబాలికలకు వసతిగృహములు కట్టింపుడు. ఉన్నవానికి భూమి యిండు, ధాన్యమిండు. దానపత్రమున మాత్రము ఊరిబిడ్డకే తొలిహక్కని స్పష్టముగా వ్రాయింపుడు. జాన్ లయను విడిచిన సందును విడువకుడు.

మరియు ప్రతి పాత బడియందును పూర్వవిద్యార్థుల పట్టిక నుంచవలెను. అందు మంత్రుల పేళ్లే కాక, తిరిగివచ్చి సొంతయూర చదువు చెప్పిన ఉపాధ్యాయుని పేరును, మందిచ్చిన వైద్యురాలి పేరును ఉండవలెను. అట్టి పట్టిక హారో పట్టికకు తీసిపోదు.