విద్యుత్తు తీగె – రైతు జాగరూకత

అనంతపురసీమలో వాన తక్కువ. బోరుబావియే మన సేద్యమునకు ఆధారము, బోరునకు ప్రాణము విద్యుత్తు. ఆ విద్యుత్తే మృత్యువైన దినములును గలవు. 2022 జూన్ 30న, నేడు శ్రీ సత్యసాయి జిల్లాలోనున్న చిల్లకొండయ్యపల్లి వద్ద, హైటెన్షను తీగె ఆటోపై తెగిపడి ఐదుగురు కూలిస్త్రీలు సజీవదహనమైరి. ఆ యేడే నవంబరు 2న దర్గాహొన్నూరున తీగె ట్రాక్టరుపై బడి నలుగురు స్త్రీలు మరణించిరి. వారు తీగె జోలికి బోయినవారు కారు. తెలిసి దానిని సమీపించుట యెంత అపాయమో యోచింపుడు.

సోదరులారా! 11,000 వోల్టుల తీగెను లైనుమ్యాను సైతము ఊరక తాకరాదు. సబ్‌స్టేషను నుండి లైన్‌క్లియరు పొంది, స్విచ్చి తీసి, తీగెలో విద్యుత్తు లేదని పరీక్షించి, పనిచేయు తావునకు ఇరువైపుల తీగెలను భూమికి గలిపిన పిమ్మటనే పనికి బూనవలెను. పొరపాటున ఎవరైన స్విచ్చి వేసినను, జనరేటరు నుండి విద్యుత్తు వెనుకకు వచ్చినను, ఆ యేర్పాటే అతని ప్రాణమును గాచును. ఇన్ని కట్టుబాట్లు గల పనిని, పైరు ఎండుచున్నదని, కర్రపుల్లతో ట్రాన్సుఫార్మరు నెక్కి మనము చేయబూనరాదు.

బోరుగొట్టములను పైకి దీయునపుడు ముందు తలపైని తీగెను జూడుడు. 20 అడుగుల ఇనుపగొట్టము నిలువున లేచిన దానిని తాకవచ్చును. తీగె తెగిపడిన, చుట్టునున్న నేలయు ప్రమాదకరమే. దూరముగా నిలిచి, ఇతరులను ఆపి, 1912కు టెలిఫోను చేయుడు.

తడి తప్పి యెండిన వేరుసెనగను మరల విత్తుకొనవచ్చును. పోయిన మనిషి మరల రాడు.