ఎండల పులవని కల్లును నమ్మొద్దు

ఎండకాలం రాంగనే మండువ కాడ ఒకటే లొల్లి: "పొద్దుగాల తియ్యగుండె, మాపటికి పుల్లగైంది, గౌడన్న ఏదో కలిపిండు" అని. నేననేది ఏందంటె, కల్లు పులిసినందుకు గౌడన్నను తిట్టుడు తప్పు. పులవకుంటెనే అనుమానపడాలె.

ఎట్లనో చెప్త. చెట్టు నుంచి కారేది తియ్యటి నీరా. లొట్టిల, గాలిల ఉన్న ఈస్టు అండ్ల పడి చక్కెరను తింటది. గప్పుడే నిషా పుడ్తది, గ్యాసు పుడ్తది. నురగంటె గదే. బీరు చేసేటోళ్లు గూడ ఈస్టు మీదనే బతుకుతరు. కని వాళ్లు బీరు రకాన్ని బట్టి 10 నుంచి 20 డిగ్రీల చుట్టుపక్కల సల్లగుంచి, దాంతోని నిమ్మళంగ పని చేయిస్తరు. వేడెక్కితె ఈస్టు ఆగమాగం ఉరుకుతది, రుచి చెడ్తది. పైంగ పులుస్తుంటె లోపల్నుంచి గూడ వేడి పుడ్తది.

మన దిక్కు మే నెలల ఎండ 40 డిగ్రీలు దాటుతది. గంత వేడిల పులుపు చేసే బ్యాక్టీరియా గూడ ఎగబడ్తది. అందుకే పొద్దటి కల్లు మాపటికి పుల్లగైతది.

మన గీత కార్మికులు మిషన్లు లేకుండనే దీనికి ఉపాయం చేసిండ్రు. ఎండ ముదరకముందే చెట్టెక్కి దించుతరు. మట్టి లొట్టికి చెమ్మ ఊరి, అది ఆరుకుంట లోపలిదాన్ని సల్లగుంచుతది. నీరా కావాల్నంటె లొట్టి లోపట సున్నం పూస్తరు, ఈస్టు జోరు తగ్గుతది. దించినంక ఐసుల పెడ్తరు. అదే ప్లాస్టిక్ బాటిల్ల నింపి మూత బిగిస్తె సల్లదనం పోతది, గ్యాసుకు బాటిల్ పేలుతది.

మరి సున్నం లేదు, ఐసు లేదు, మిట్టమధ్యాహ్నం ఎండల పెట్టినా తియ్యగనే ఉన్న కల్లు సంగతేంది? కల్తీగాళ్లు నీళ్లల్ల సాక్రిన్, క్లోరల్ హైడ్రేట్, అల్ప్రాజోలం కలుపుతరు. సాక్రిన్‌ను ఈస్టు తినదు, గందుకే ఆ తీపి పోదు. ఆ మందుకు అలవాటైనోళ్లకు ఒక్కరోజు దొరక్కుంటె చేతులు వణుకుతయి, ఫిట్సొస్తయి. 2025 జులైల హైదరాబాద్ కూకట్‌పల్లి దిక్కు కల్తీ కల్లు తాగి మనుషుల పానాలు పోయినయి.

పుల్లగున్నదల్లా అసలుదని గూడ అనుకోవద్దు తమ్మీ. కల్తీల పులుపు గూడ కలపొచ్చు. గందుకే సీసా ముట్టకముందే రెండు మాటలడుగు: "అన్నా, ఏ చెట్టుది? ఎప్పుడు దించినవ్?" చెట్టెక్కేటాయన టక్కున చెప్తడు. నీళ్లు నమిలేటోని కాడ కూసోకు.