చేయి మంచిదైతే చాలదు, ఫీజు కూడా చెప్పాలి!

“మీ చేయి మంచిదండీ, ఎండుపుల్ల గుచ్చినా చిగురేస్తుంది!”

ఈ మెచ్చుకోలు మనలో చాలామంది వినే ఉంటాం. విని మురిసిపోయి, అడిగినవాళ్లకల్లా గులాబీ అంట్లు, మల్లె కొమ్మలు, కనకాంబరం నారు పంచిపెట్టే ఉంటాం. వాళ్లింటికి వెళ్లి ఏ మొక్క ఎక్కడ నాటాలో చూపించి, చేతులు కడుక్కుని, కాఫీ తాగి వచ్చేస్తాం. వడ్రంగి వచ్చి తలుపు చూసి వెళితే డబ్బులిస్తారు. కుళాయి బాగుచేసే అబ్బాయికీ ఇస్తారు. మనకి మాత్రం కాఫీ! ఎందుకంటే మనది పని కాదు, ‘సరదా’.

రెండేళ్ల క్రితం వరకూ నాదీ సరదాయే. డిగ్రీ చదివాను. పెళ్లి, పిల్లలు, ఇల్లు, తీరిక దొరికితే ఓ కథ. అలా సాగిపోతుంటే మావారు పనిచేసే ప్రైవేటు సంస్థ మా ఊళ్లో బ్రాంచి ఎత్తేసింది. నాలుగు నెలల జీతం రాలేదు. పెద్దమ్మాయి ఇంటర్ ఫీజు గడువు దగ్గరపడింది. గాజులు బ్యాంకుకి వెళ్లాయి. కథలకొచ్చే పారితోషికంతో ఇల్లు గడవదని వేరే చెప్పాలా? నాకేం వచ్చు అని కాగితం మీద రాసుకుంటే వంట, కుట్టు, కథలు, మొక్కలు అని నాలుగు తేలాయి. మా పేటలో వంట చేసి పంపేవాళ్లున్నారు, కుట్టేవాళ్లున్నారు. ‘మీ ఇంటికి తోట వేసిపెడతాం’ అనేవాళ్లు మాత్రం లేరు. ఎదురింటి వదిన బి.కాం. చదివింది, లెక్కల్లో గట్టిది. ఇద్దరం కలిసి దిగాం.

“కడియం పక్కన పెట్టుకుని నీకెందుకివ్వాలి?”

మాది రాజమహేంద్రవరం. ఈ మాట వినగానే మీకు కడియం గుర్తొచ్చే ఉంటుంది. కడియం, కడియపులంక, బుర్రిలంక, వేమగిరి... హైవే దిగి ఆ ఊళ్లలోకి వెళితే ఎటు చూసినా నర్సరీలే. గోదావరి కాలువ నీళ్లు, ఒండ్రు నేల, తరాలుగా అంటుకట్టడంలో ఆరితేరిన చేతులు. దేశం నలుమూలలకీ అక్కణ్నుంచి లారీల్లో మొక్కలు వెళతాయి. “అలాంటి చోట నువ్వు మొక్కల వ్యాపారం పెడతావా? గోదారి గట్టున నీళ్లమ్మినట్టే!” అని మా పెద్దాడపడుచుగారు నవ్వేశారు.

ఆవిడ అన్నదాంట్లో తప్పు లేదు. మొక్కలమ్మితే నష్టపోయేవాళ్లమే. అయితే మా పేటలో ఇల్లిల్లూ తిరిగి చూస్తే ఒక సంగతి తెలిసింది. ఆదివారం కారేసుకుని కడియం వెళ్లి పూలున్న కుండీలన్నీ తెచ్చుకుంటారు. రెండు నెలలయ్యేసరికి సగం ఎండిపోతాయి. మళ్లీ ఆదివారం, మళ్లీ కడియం. మొక్కలో లోపం లేదు, పెట్టిన చోటులోనే ఉంది. నీడపట్టున గులాబీ, పడమటెండలో ఆగ్లోనీమా! చాలా రకాలు నర్సరీలో షేడ్‌నెట్ కింద పెరుగుతాయి. వాటిని తెచ్చిన రోజే మండుటెండలో నాటితే తట్టుకోలేవు. వారం పది రోజులు కొంచెం నీడలో ఉంచి, క్రమంగా ఎండకి అలవాటు చేయాలి. ఇవన్నీ ఎవరో ఒకరు చెప్పాలి కదా! ఆ చెప్పడమే మేం అమ్మేది.

ముందు చోటు, తర్వాతే మొక్క

ఇంటికెళ్లగానే మేం మొక్క పేరెత్తం. ఉదయం ఓసారి, మధ్యాహ్నం ఓసారి, నాలుగింటికి ఓసారి ఎండ ఎక్కడెక్కడ పడుతోందో చూసి కాగితం మీద గుర్తు పెట్టుకుంటాం. మల్లె, గులాబీ, కాగితంపూలకి రోజుకి ఐదారు గంటలైనా నేరుగా ఎండ తగలాలి. అంత ఎండ లేనిచోట పచ్చటి ఆకుల మొక్కలతో సరిపెట్టుకోవడమే మంచిది.

తర్వాత మట్టి. కొత్తిళ్ల చుట్టూ ఉండేది మట్టి కాదండీ, ఇటుక ముక్కలు, సిమెంటు పెళ్లలు, గ్రావెల్! అడుగు లోతు గొయ్యి తీసి నీళ్లు పోస్తాం. మర్నాటికీ నీళ్లు అలాగే నిలిచి ఉంటే అక్కడ ఏం నాటినా వేరు కుళ్లుతుంది. పెళ్లలు ఏరి, ఎర్రమట్టి, బాగా చివికిన పశువుల ఎరువు, కొంచెం ఇసుక, గుప్పెడు వేపపిండి కలిపి నింపించాలి. పెద్దమొక్కలకైతే వేసవిలోనే గోతులు తీసి ఎండనిచ్చి, తొలకరి పడ్డాక నాటితే పోతపని తగ్గుతుంది.

ఆ తర్వాత నీళ్లు. అందరూ సినిమాల్లోలాగా పచ్చిక కావాలంటారు. వేసవిలో చదరపు మీటరు పచ్చికకి రోజుకి సుమారు 5 లీటర్లు కావాలి. అంటే 100 చదరపు గజాలకి 400 లీటర్ల పైమాటే, రెండు పెద్ద డ్రమ్ములు! మే నెలలో బోరు అడుగంటే వీధిలో ఈ లెక్క చెప్పగానే సగంమంది మనసు మార్చుకుంటారు. నడిచే దారికి రాళ్లు పరిపించి, చిన్న మడిలో మాత్రం గడ్డి వేయిస్తాం.

డాబా మీద తోట అడిగేవాళ్లకి బరువు లెక్క చెప్పాలి. అడుగు పొడవు, అడుగు వెడల్పు, అడుగు లోతున్న తొట్టిలో తడిసిన మట్టి 45 కిలోల వరకూ తూగుతుంది. పదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పుతో మడి కట్టిస్తే అక్షరాలా 18 క్వింటాళ్లు! ఇల్లు కట్టిన ఇంజనీరుని అడగకుండా మేం డాబా మీద మడి కట్టించం. కొబ్బరిపొట్టు ఎక్కువ కలిపిన తేలికపాటి మిశ్రమం, విడివిడి తొట్లు, అవీ దూలాలు, గోడలు ఉన్న వైపు. అంతే.

ఇంట్లో ఎవరెవరున్నారో కూడా అడగాలి. పాకే పిల్లలుంటే గన్నేరు వద్దంటాం. పూజకి ఎంత ముద్దొచ్చినా దాని ఆకు, పువ్వు, కాయ అన్నీ విషమే. గుమ్మంలో అందంగా కనిపించే డైఫెన్‌బేకియా ఆకు నమిలితే నోరు వాచిపోతుంది. ఇక ప్రహరీ వెంట తొందరగా ఎదిగే పచ్చటి తెర కావాలని చాలామంది కోనోకార్పస్ అడుగుతారు. వేళ్లు పైపుల్నీ కేబుళ్లనీ పాడుచేస్తున్నాయనీ, పుప్పొడితో జలుబు, ఉబ్బసం వంటివి వస్తున్నాయనీ గుజరాత్ ప్రభుత్వం 2023లో దాన్ని నాటడం నిషేధించింది. మేం దాని బదులు మందారం, నందివర్ధనం వరసగా వేయిస్తాం. కాస్త ఆలస్యంగా ఎదుగుతాయి, అయితేనేం, రోజూ దేవుడికి పూలొస్తాయి!

“ఉత్త మాటకి ఐదొందలా?”

ఇన్ని చూసి, కొలిచి, ప్లాను గీసిచ్చినందుకు డబ్బడగడం దగ్గరే అసలు చిక్కు. మొక్కకి డబ్బిస్తారు, కుండీకిస్తారు, తట్ట మోసినవాళ్లకిస్తారు. ఆలోచనకి ఇవ్వమంటే ఆశ్చర్యపోతారు. అందులోనూ అడిగేది ఆడవాళ్లయితే మరీ!

మా మొదటి ఇల్లు దానవాయిపేటలో ఓ రిటైరైన మాస్టారుగారిది. చూసి ప్లాను గీసివ్వడానికి 500 రూపాయలని వదిన చెప్పగానే ఆయన కళ్లజోడు సవరించుకున్నారు.

“మొక్క తేకుండా, పార పట్టకుండా, ఉత్త మాటకి ఐదొందలా అమ్మా?”

నేను నెమ్మదిగా అన్నాను. “బాబాయిగారూ, డాక్టరుగారు మందు చేతిలో పెట్టరు కదండీ. చూసి చీటీ రాసిస్తారు. మీరు ఫీజు ఇచ్చే వస్తారు.”

ఆయన జవాబు చెప్పేలోగా లోపలినుంచి పిన్నిగారు వచ్చారు. “మూడేళ్లుగా గులాబీలకి పోసిన డబ్బెంతో లెక్క చెప్పనా? ఇచ్చెయ్యండి!” అన్నారు. మాస్టారు నవ్వేసి ఇచ్చారు. ఆవిడ గులాబీలన్నీ ఉత్తరం గోడ నీడలో ఉన్నాయి. బతికున్న ఆరింటినీ తూర్పు వాకిట్లోకి మార్పించాం. ఉత్తరం వైపు ఫెర్న్‌లు, ఆకుమొక్కలు పెట్టించాం. ఆ చలికాలం పిన్నిగారు పువ్వు విచ్చినప్పుడల్లా ఫోను చేసేవారు. ఆవిడ చెప్పగా మరో మూడిళ్లు వచ్చాయి.

అందరూ మాస్టారుగారిలా ఉండరు. ఓ ఇంటాయన ప్లాను తీసుకుని, “రేపిస్తా” అని, మా ప్లానుతోనే వేరేవాళ్లచేత పని చేయించుకున్నారు. ఆరోజు ఇంటికొచ్చాక మావారు, “పోనీలే, తెలిసినవాళ్లు, అడగడం బావుండదు” అన్నారు. ఆ మాటకే నాకు ఎక్కువ కష్టమేసింది. “మీ జీతం నాలుగు నెలలు ఆపినవాళ్లని అడగడం బావుండదని మీరు ఊరుకున్నారా?” అన్నాను. ఆయన మరి మాట్లాడలేదు. మర్నాడు తనే స్కూటరు మీద నన్ను కొత్త ఇల్లు చూడ్డానికి దింపారు. అప్పట్నుంచి ఫీజు చేతికొచ్చాకే ప్లాను ఇస్తాం. పని కూడా మాకే అప్పగిస్తే ఆ ఫీజు బిల్లులో తగ్గిస్తాం.

కాగితం మీద ఉండాల్సినవి

పని ఒప్పుకునేముందు వదిన ఒక పేజీ రాసి ఇద్దరిచేతా సంతకం పెట్టిస్తుంది. మొక్కల పేర్లు, సంఖ్య, మట్టి, ఎరువు, కూలి విడివిడిగా ఉంటాయి. సగం సొమ్ము ముందు, మిగతాది పని పూర్తయ్యాక. నెలలోపు మొక్క చచ్చిపోతే మేం మారుస్తాం, నీళ్లు పోయకపోతే మాత్రం కాదు. ఈ చివరి మాట నోటితో చెబితే పోట్లాట, రాస్తే శాంతి!

మట్టి పనికి వచ్చేవాళ్లకి ఏ రోజు కూలి ఆ రోజే ఇచ్చేస్తాం. మాకు రావాల్సింది ఆగిందని వాళ్లది ఆపం. ఆపితే మాకు జరిగిందే వాళ్లకి మేం చేసినట్టవుతుంది.

తోట వేయడం ఒక్కసారి ఆదాయం. నిలకడగా వచ్చేది నెలవారీ సంరక్షణే. నెలకి రెండుసార్లు వెళ్లి కత్తిరింపు, ఎరువు, పురుగుమందుకి బదులు వేపనూనె. ప్రస్తుతం పదకొండిళ్లు మా చేతిలో ఉన్నాయి. గాజులు ఇంటికొచ్చాయి, పాప రెండో ఏడాది ఫీజు నేను కట్టాను.

ఖాతా విడిగా పెట్టుకోండి. ప్రభుత్వ ఉద్యమ్ పోర్టల్‌లో నమోదు ఉచితం, దళారీకి డబ్బివ్వక్కర్లేదు. పెట్టుబడి కావాలంటే ముద్రా పథకంలో ‘శిశు’ విభాగం కింద 50,000 రూపాయల వరకూ హామీ లేకుండా బ్యాంకులో అడగొచ్చు. మాకు మాత్రం టేపు, కత్తెర, పార, రెండు జతల చేతి తొడుగులతో సరిపోయింది. ఇంట్లో పిల్లలెవరైనా ఇదే చదువుగా చదవాలనుకుంటే వెంకటరామన్నగూడెంలో, ములుగులో ఉద్యాన విశ్వవిద్యాలయాలున్నాయి.

వయసు మీరిందనుకుంటున్నారా? ఇంగ్లండులో గెర్ట్రూడ్ జీకిల్ (1843-1932) అనే ఆవిడ చిత్రలేఖనం నేర్చుకుంది. నడివయసులో కంటిచూపు బాగా మందగించి ఆ పని మానుకోవాల్సి వచ్చింది. అయినా రంగులు ఎక్కడికి పోతాయి? వాటిని పూలమడుల్లోకి తెచ్చి దాదాపు 400 తోటలకు రూపకల్పన చేసింది. అమెరికా ఎన్నడూ వెళ్లకుండానే అక్కడి తోటలకి ప్లాన్లు గీసి పంపింది. మనకి పక్కవీధికి వెళ్లడమేగా!

ముందు మీ ఇంటి వాకిలినే పదిమంది వచ్చి చూసేలా తీర్చండి. ఏ మొక్క ఏ నెలలో ఏమైందో ఏడాదిపాటు నోటుపుస్తకంలో రాయండి. ఆ పుస్తకమే మీ పెట్టుబడి. ఆపైన మొదటి ఇంటికి వెళ్లినప్పుడు ఫీజు ఎంతో కాఫీ రాకముందే చెప్పేయండి. గొంతు కాస్త తడబడుతుంది, పర్లేదు. రెండో ఇంటికి సర్దుకుంటుంది.