కామెరూన్ చేపల వర్తకం: నీళ్లున్నా దిగుమతులే దిక్కు

మధ్య ఆఫ్రికాలోని కామెరూన్ దేశానికి ఆ పేరు రొయ్యల వల్ల వచ్చింది. 15వ శతాబ్దంలో వూరి నది ముఖద్వారానికి చేరిన పోర్చుగీసు నావికులు అక్కడి రొయ్యలను చూసి దానికి 'రొయ్యల నది' అని పేరు పెట్టారు. కాలక్రమాన అదే దేశానికి స్థిరపడింది. అయితే నేడు అదే నదిపై ఉన్న దువాలా రేవులో విదేశాల నుంచి అట్టపెట్టెల్లో వచ్చే శీతలీకరించిన చేపలదే పెద్ద వ్యాపారం. ఈ దిగుమతులు ఏటా సుమారు 2 లక్షల టన్నుల ప్రాంతంలో ఉంటున్నాయి.

ఇందులో ప్రధానమైన సరుకు మన కనగర్తల కోవకు చెందిన మాకెరెల్, హార్స్ మాకెరెల్, కవళ్ల జాతి చేపలు. మారిటేనియా, సెనెగల్ తీరాల సరుకు గణనీయంగా వస్తుంది. కవళ్లను అక్కడి చేపల పిండి మిల్లులు కూడా కొంటున్నందున, తినే చేపకు పోటీ ఏర్పడింది.

ధరను తేల్చేది మారకం

కామెరూన్ నాణెం సి.ఎఫ్.ఏ. ఫ్రాంకు. ఒక యూరోకు 655.957 ఫ్రాంకులుగా స్థిరపరచారు. కనుక యూరోలలో కొన్నవారికి మారకపు నష్టభయం లేదు. డాలర్లలో బేరం కుదుర్చుకున్నవారికి మాత్రం డాలరు బలపడితే గిడ్డంగి చేరిన సరుకు ధర పెరిగినట్లే. 1994 జనవరిలో ఫ్రెంచి ఫ్రాంకుతో పోల్చి ఈ నాణెం విలువను సగానికి తగ్గించినప్పుడు దిగుమతి సరుకు ఖరీదు స్థానిక నాణెంలో ఒక్కసారిగా రెట్టింపయింది.

2008 ఫిబ్రవరిలో ధరల పెరుగుదలపై అల్లర్లు చెలరేగడంతో మరుసటి నెలలో బియ్యంతోపాటు చేపలపై కూడా దిగుమతి సుంకాన్ని ప్రభుత్వం ఎత్తివేసింది. కొనుగోలుదారులకు ఊరట లభించింది. కాని స్థానిక చేపల పెంపకందారు సుంకం లేని సరుకుతో పోటీ పడవలసి వచ్చింది.

సొంత వనరులు

సముద్రతీరం సుమారు 400 కిలోమీటర్లు. ఎదురుగా ఈక్వటోరియల్ గినీకి చెందిన బియోకో దీవి ఉన్నందున కామెరూన్ వాటాకు వచ్చే సముద్రం ఇరుకైనది. తీరం వెంట బొంగా అనే చేప విరివిగా పడుతుంది. మంచుగడ్డ సౌకర్యం కొరత వల్ల చాలా భాగాన్ని మడచెట్ల కట్టెలతో పొగబెట్టి అమ్ముతారు. పడవలపై పనిచేసేవారిలో నైజీరియన్లు పెద్ద సంఖ్యలో ఉన్నారు. పొగబెట్టిన సరుకు నైజీరియాకూ పోతుంది.

ఉత్తరాన చాద్ సరస్సు ఒకనాటి పెద్ద వనరు. 1960 దశకంలో సుమారు 25 వేల చదరపు కిలోమీటర్లున్న సరస్సు 1980 దశకంలో 2 వేలకు లోపు కుంచించుకుపోయింది. 2014 నుంచి బోకో హరామ్ దాడులు ఆ ప్రాంతపు వర్తకాన్ని దెబ్బతీశాయి. బెనూయె నదిపై 1982లో పూర్తయిన లాగ్దో జలాశయం మరొక ముఖ్యమైన మత్స్యకేంద్రం.

ఎగుమతులకు ఎదురుదెబ్బ

విదేశీ ఓడలకు కామెరూన్ జెండా ఇచ్చి, వాటి వేటపై అదుపు పెట్టలేదని యూరోపియన్ సంఘం 2021లో హెచ్చరించింది. 2023 జనవరిలో సహకరించని దేశాల జాబితాలో చేర్చింది. ఫలితంగా కామెరూన్ జెండా ఓడలు పట్టిన సరుకుకు యూరప్ మార్కెట్ మూతపడింది.

పెంపకం

చేపల పెంపకం 1948లోనే మొదలైంది. ఊళ్లలో తవ్విన చిన్న చెరువులు అనేకం తరువాత పాడుపడ్డాయి. తిలాపియా, ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ అక్కడి నీటికి అలవాటైన చేపలే. క్యాట్‌ఫిష్ బతికి ఉండగానే అమ్ముడుపోతుంది గనుక మంచుగడ్డ ఖర్చు లేదు. చిక్కంతా మేత, విత్తనాల దగ్గరే. మంచి మేత విదేశాల నుంచే రావాలి. పెంపకపు ఖర్చులో సగానికి పైగా మేతదే. క్యాట్‌ఫిష్ పిల్లలు ఒకదానినొకటి తినే స్వభావం గలవి. పరిమాణాన్ని బట్టి తరచుగా వేరుచేయకపోతే విత్తనం నష్టమవుతుంది.

చేపను దిగుమతి చేసుకునే బదులు చేపల మేతను దిగుమతి చేసుకుంటే మారకపు భారం తప్పదు. మొక్కజొన్న, సోయా, వేరుశనగ పిండితో స్థానికంగా చౌకగా మేత తయారైననాడే పెంపకపు చేప దిగుమతి చేపకు ధరలో పోటీ ఇవ్వగలదు. అంతవరకు దువాలా మార్కెట్‌ను అంచనా వేసే వర్తకులు డాలరు ధరను, మారిటేనియా వేటను, కామెరూన్ సుంకాలను కలిపి గమనించవలసి ఉంటుంది.